ఐదు శాతం క్యాష్‌బ్యాక్ చివరికి ఎంత శాతం?

క్రెడిట్ కార్డు ప్రకటనల్లో పెద్ద అక్షరాలతో కనిపించేది శాతమే. ఒక కార్డు 5 శాతం అంటుంది, ఇంకొకటి 10 అంటుంది. ఎయిర్‌టెల్ యాక్సిస్ కార్డు 2022లో వచ్చినప్పుడు ఎయిర్‌టెల్ బిల్లులపై ఏకంగా 25 శాతం అంది. ఈ అంకెల్లో అబద్ధమేమీ లేదు. కాకపోతే ఆ 25 శాతానికి నెలకు 250 రూపాయల పరిమితి పెట్టారు. అంటే వెయ్యి రూపాయల బిల్లు దాటాక కట్టినదానికి అదనంగా ఏమీ రాదు. అదీ ఎయిర్‌టెల్ థాంక్స్ యాప్‌లో కడితేనే. ఏ ఖర్చుకు, ఏ దారిలో కడితే, నెలకు ఎంతవరకు అన్న షరతులన్నీ దాటుకుని వచ్చేసరికి, ఇంటి మొత్తం ఖర్చుతో పోలిస్తే చేతికందేది చాలా కుటుంబాల్లో ఒక శాతం అటూ ఇటూగా ఉంటుంది. అందుకే రెండు కార్డులను పక్కపక్కన పెట్టినప్పుడు అవి ఎంత శాతం ఇస్తున్నాయో చూడటం కన్నా, ఏ ఖర్చులను లెక్కలోంచి తీసేశాయో చూడటం ఎక్కువ ఉపయోగం.

ఈ డబ్బు ఎవరి జేబులోంచి వస్తుంది

దుకాణంలో వెయ్యి రూపాయలకు కార్డు గీకితే దుకాణదారు ఖాతాలో వెయ్యి పడదు. ఎండీఆర్ (మర్చంట్ డిస్కౌంట్ రేటు) పేరుతో సుమారుగా ఒకటిన్నర నుంచి రెండు శాతం, దానిపై జీఎస్టీ కోత పడుతుంది. ఆ కోతలో పెద్ద వాటా కార్డు ఇచ్చిన బ్యాంకుకు వెళ్తుంది. దాన్నే ఇంటర్‌చేంజ్ అంటారు. మిగిలింది మెషిన్ పెట్టిన బ్యాంకు, వీసా, మాస్టర్‌కార్డ్, రూపే లాంటి నెట్‌వర్క్‌లు పంచుకుంటాయి. దాదాపు ప్రతి కార్డులో ‘మిగతా అన్నిటికీ 1 శాతం’ అని కనిపించడానికి కారణం ఇదే. బ్యాంకు తనకు వచ్చిన కోతలోంచి ఒక శాతం వెనక్కి ఇచ్చినా ఇంకా కొంత మిగులుతుంది.

ఐదు శాతం మాత్రం ఈ కోతలోంచి రాదు, రావడం సాధ్యం కూడా కాదు. అమెజాన్, ఫ్లిప్‌కార్ట్, స్విగ్గీ పేర్లతో వచ్చే కో-బ్రాండెడ్ కార్డుల్లో ఆ కంపెనీలు కూడా కొంత భరిస్తాయి. కస్టమర్ ఇంకో యాప్‌కు పోకుండా ఉంటే చాలు, వాటికి గిట్టుబాటే. భాగస్వామి లేని కార్డులో ఐదు శాతం ఇస్తున్నారంటే, ఆ లోటును వార్షిక ఫీజులు, ఈఎంఐ చార్జీలు, అన్నిటికన్నా ఎక్కువగా బిల్లు పూర్తిగా కట్టని వాళ్ల వడ్డీ పూడ్చాలి. నెలనెలా పూర్తిగా కట్టేవాడికి వచ్చే క్యాష్‌బ్యాక్‌లో కొంత భాగం మినిమమ్ డ్యూ, అంటే బిల్లులో కట్టక తప్పని కనీస మొత్తం మాత్రమే కట్టి నెట్టుకొచ్చేవాడి జేబులోంచే పోతోంది. ఈ విషయం ఏ ప్రకటనలోనూ ఉండదు.

కోత ఎంత ఉంటే రివార్డు అంత అన్న సంగతి దేశాలను పోలిస్తే తెలిసిపోతుంది. యూరోపియన్ యూనియన్ 2015లో క్రెడిట్ కార్డు ఇంటర్‌చేంజ్‌ను 0.3 శాతానికి కట్టడి చేసింది. అక్కడ బ్యాంకులకు పంచడానికి పెద్దగా ఏమీ మిగల్లేదు, క్యాష్‌బ్యాక్ కార్డులూ సన్నబడ్డాయి. అమెరికా 2010లో తెచ్చిన నిబంధన డెబిట్ కార్డులకే పరిమితమైంది. క్రెడిట్ కార్డుల జోలికి పోలేదు. అందుకే అమెరికన్ ఎక్స్‌ప్రెస్ బ్లూ క్యాష్ ప్రిఫర్డ్ లాంటి కార్డు అక్కడి సూపర్ మార్కెట్లలో ఏడాదికి 6,000 డాలర్ల కొనుగోళ్ల వరకు 6 శాతం ఇవ్వగలిగింది. మన దగ్గర 2020 జనవరి నుంచి యూపీఐకి, రూపే డెబిట్ కార్డుకు ఎండీఆర్ సున్నా. కోత లేని చోట బ్యాంకు పంచిపెట్టడానికి ఏముంటుంది? ఆఫర్ల జోరంతా క్రెడిట్ కార్డుల వైపు మళ్లడానికి ఇదొక కారణం.

బ్యాంకుకు కనిపించేది కోడ్ మాత్రమే

బ్యాంకుకు బుట్టలో ఏముందో తెలియదు. దానికి కనిపించేది దుకాణానికి ఇచ్చిన నాలుగంకెల మర్చంట్ కేటగిరీ కోడ్. సూపర్ మార్కెట్, కిరాణా అయితే 5411. కూర్చుని తినే హోటల్ 5812, ఫాస్ట్‌ఫుడ్ 5814, పెట్రోల్ బంకు 5541 లేదా 5542, కరెంటు, నీళ్లు, గ్యాస్ 4900, నగల దుకాణం 5944, స్కూలు 8211, ఇంటి అద్దె 6513. సూపర్ మార్కెట్లో ప్రెషర్ కుక్కర్ కొన్నా అది కిరాణా ఖర్చే. మెడికల్ షాపులో బిస్కెట్ ప్యాకెట్ కొన్నా అది మందుల ఖర్చే.

చిక్కు ఎక్కడంటే, ఆ కోడ్‌ను ఎంచుకునేది కస్టమర్ కాదు. దుకాణానికి మెషిన్ ఇచ్చేటప్పుడు ఆ బ్యాంకు ఏ కోడ్ వేస్తే అదే. ఒక చెయిన్‌లోని ఒక బ్రాంచి సూపర్ మార్కెట్‌గా, ఇంకో బ్రాంచి 5311 కోడ్‌తో డిపార్ట్‌మెంట్ స్టోర్‌గా నమోదై ఉండవచ్చు. పెద్ద హోటల్‌లో భోంచేసినా ఆ బిల్లు రెస్టారెంట్ కింద కాకుండా బస కింద పడవచ్చు. ‘డైనింగ్‌పై 10 శాతం అన్నారు, రాలేదేంటి’ అనే ఫిర్యాదులు చాలావరకు ఇక్కడ పుట్టేవే. అమెరికాలో ఉన్న తెలుగువాళ్లకూ ఇది అనుభవమే. బ్లూ క్యాష్ కార్డు లెక్కలో వాల్‌మార్ట్ లాంటి సూపర్ స్టోర్లు సూపర్ మార్కెట్లు కావు. సోనా మసూరి బియ్యం, కందిపప్పు ఇండియన్ స్టోర్‌లో కొంటే, ఆ కొట్టు సూపర్ మార్కెట్‌గా నమోదై ఉంటే 6 శాతం వస్తుంది. పాలు, గుడ్లు వాల్‌మార్ట్‌లో కొంటే ఒక్క శాతమే.

మన దేశంలోని క్యాష్‌బ్యాక్ కార్డులన్నీ ఒకే పద్ధతిలో కేటగిరీలు గీయవు. ఈ తేడా పట్టుకుంటే పోలిక సగం పూర్తయినట్టే. హెచ్‌ఎస్‌బీసీ లైవ్ ప్లస్ కోడ్ మీద నడుస్తుంది. డైనింగ్, ఫుడ్ డెలివరీ, కిరాణా మూడింటికీ 10 శాతం, నెలకు గరిష్ఠంగా వెయ్యి రూపాయలు, మిగతావాటికి 1.5 శాతం. ఏ బ్రాండ్ అన్నది దానికి అనవసరం, కోడ్ సరిపోతే చాలు. హెచ్‌డీఎఫ్‌సీ మిలీనియా పూర్తిగా బ్రాండ్ల జాబితా. అమెజాన్, ఫ్లిప్‌కార్ట్, మింత్ర, స్విగ్గీ, జొమాటో, ఊబర్, బుక్‌మైషో లాంటి పది పేర్లకు 5 శాతం, మిగతాచోట్ల 1 శాతం. ఐదు శాతానికి నెలకు వెయ్యి పరిమితి, అంటే ఆ పది చోట్లా కలిపి 20,000 దాటితే ఆగిపోతుంది.

ఎస్‌బీఐ క్యాష్‌బ్యాక్ కార్డు 2022 సెప్టెంబరులో వచ్చినప్పుడు సంచలనమైంది. బ్రాండూ అక్కర్లేదు, కోడూ పెద్దగా అక్కర్లేదు, ఆన్‌లైన్‌లో కడితే 5 శాతం, దుకాణంలో గీకితే 1 శాతం. మన దేశంలో ఇంత సూటిగా ఉన్న కార్డు అంతకుముందు లేదనే చెప్పాలి. యాక్సిస్ ఏస్ ఇంకో దారి పట్టింది. గూగుల్ పేతో కలిసి 2020లో వచ్చిన ఈ కార్డు ఆ యాప్ ద్వారా కరెంటు, గ్యాస్, ఇంటర్నెట్, రీఛార్జ్ కడితే 5 శాతం, స్విగ్గీ, జొమాటో, ఓలాలకు 4 శాతం ఇస్తుంది. ఈ రెండూ కలిపి నెలకు 500 దాటవు. మిగతావాటికి మొదట 2 శాతం ఉండేది, తర్వాత 1.5కి దించారు. అమెజాన్ పే ఐసీఐసీఐ కార్డుకు (2018) ఫీజే లేదు. అమెజాన్‌లో ప్రైమ్ సభ్యులకు 5 శాతం, కానివాళ్లకు 3, అమెజాన్ పే ద్వారా బిల్లులు, భాగస్వామి సంస్థలకు 2, మిగతా చోట్ల 1. నెలవారీ పరిమితి లేకపోవడం దీని పెద్ద సుగుణం. వచ్చేది మాత్రం రొక్కం కాదు, అమెజాన్ పే బ్యాలెన్స్.

వెనక్కి వచ్చే రూపమూ ఒక లెక్కే. స్టేట్‌మెంట్‌లో బిల్లు తగ్గితే అది నిజంగా డబ్బు. యాప్ బ్యాలెన్స్ అయితే అక్కడే ఖర్చు పెట్టాలి. మిలీనియాలో వచ్చేవి క్యాష్‌పాయింట్లు. పాయింటుకు రూపాయి చొప్పున బిల్లులో సర్దుకోవాలంటే కనీసం 500 పోగవ్వాలి, మనమే అడగాలి, గడువు లోపల వాడాలి. స్విగ్గీ హెచ్‌డీఎఫ్‌సీ కార్డు కూడా 2023లో మొదలైనప్పుడు స్విగ్గీ మనీ రూపంలోనే ఇచ్చేది, 2024 జూన్ నుంచి స్టేట్‌మెంట్‌లోకి మార్చింది. రెండు కార్డుల శాతం ఒకటే అయినప్పుడు దానంతట అదే స్టేట్‌మెంట్‌లో తగ్గే కార్డుకే మొగ్గాలి. మనం గుర్తు పెట్టుకుని అడగాల్సిన డబ్బులో కొంత ఎప్పుడూ మిగిలిపోతుంది.

ఒక ఇంటి ఖర్చు మీద పెట్టి చూస్తే

హైదరాబాద్‌లో నెలకు 60,000 ఖర్చయ్యే ఒక కుటుంబాన్ని ఊహించుకుందాం. అద్దె 18,000, స్కూలు ఫీజు నెలకు పంచితే 8,000, పెట్రోల్ 4,000, కరెంటు, గ్యాస్, ఇంటర్నెట్, ఫోన్లు కలిపి 4,000, ఇన్సూరెన్స్ 3,000. సూపర్ మార్కెట్లో 6,000. వీధి కిరాణా కొట్టు, కూరగాయలు, పాలు కలిపి ఇంకో 6,000, ఇదంతా యూపీఐలో. ఆన్‌లైన్ షాపింగ్ 5,000, అందులో అమెజాన్‌లో 3,000. స్విగ్గీ, జొమాటో 3,000. బయట భోజనం 1,500, మందులు, సినిమా 1,500.

ఎస్‌బీఐ క్యాష్‌బ్యాక్ కార్డుతో ఆన్‌లైన్ షాపింగ్, ఫుడ్ డెలివరీ కలిపి 8,000 మీద 400 వస్తుంది. సూపర్ మార్కెట్, హోటల్, మందులు, సినిమాలకు 9,000 మీద 90. అద్దె, ఫీజు, పెట్రోల్, బిల్లులు, ఇన్సూరెన్స్‌కు సున్నా. మొత్తం 490. కార్డుపై లెక్కకొచ్చిన 17,000తో చూస్తే దాదాపు 2.9 శాతం, బాగానే ఉంది. ఇంటి ఖర్చు 60,000తో చూస్తే 0.8 శాతం.

యాక్సిస్ ఏస్‌తో బిల్లులపై 200, ఫుడ్ డెలివరీపై 120, మిగతా 14,000 మీద ఒకటిన్నర శాతం చొప్పున 210. మొత్తం 530. ఐదు శాతం అని ఊరూవాడా పేరున్న కార్డు కన్నా ఇది 40 ఎక్కువ, కేవలం బిల్లులను లోపల ఉంచినందుకు.

అమెజాన్ పే కార్డుతో ప్రైమ్ ఉంటే అమెజాన్‌లో 150, మిగతా షాపింగ్‌కు 20, ఫుడ్ డెలివరీ అమెజాన్ పేతో సంబంధం లేకుండా నేరుగా కార్డుతో కడితే 30, బిల్లులకు 80, దుకాణాల్లో 90. మొత్తం 370. ఇందులో ఒక తిరకాసు ఉంది. ప్రైమ్ వల్ల అదనంగా వచ్చేది 2 శాతం, అంటే ఈ ఇంటికి నెలకు 60 రూపాయలు, ఏడాదికి 720. ప్రైమ్ వార్షిక చందా 1,499. వీడియోలు చూడటానికో, డెలివరీ త్వరగా రావడానికో ప్రైమ్ తీసుకుంటే అది వేరే లెక్క. క్యాష్‌బ్యాక్ కోసమే తీసుకుంటే మాత్రం నష్టం.

హెచ్‌ఎస్‌బీసీ లైవ్ ప్లస్ ఈ ఇంటి విషయంలో అందరినీ దాటేస్తుంది. సూపర్ మార్కెట్, ఫుడ్ డెలివరీ, బయట భోజనం కలిపి 10,500 మీద 1,050 రావాలి. పరిమితి వల్ల వెయ్యి దగ్గర ఆగుతుంది. షాపింగ్, మందులు, సినిమాలకు ఇంకో 97. బిల్లులను అసలు కలపకుండానే సుమారు 1,097, ఇంటి మొత్తం ఖర్చు మీద 1.8 శాతం.

అలాగని ఇదే గొప్ప కార్డు అనేయడానికి లేదు. గచ్చిబౌలిలో ఒంటరిగా ఉండే ఉద్యోగిని తీసుకుంటే, ఆన్‌లైన్ కొనుగోళ్లు 15,000, ఫుడ్ డెలివరీ 8,000 అనుకుంటే ఎస్‌బీఐ కార్డు 1,150 ఇస్తుంది, లైవ్ ప్లస్ 1,025 ఇస్తుంది. అదే ఉద్యోగి ఒక నెలలో 80,000 పెట్టి ఆన్‌లైన్‌లో ల్యాప్‌టాప్ కొంటే ఆ ఒక్క కొనుగోలుకే, నెలవారీ పరిమితి తగలకపోతే, ఎస్‌బీఐ కార్డులో 4,000, లైవ్ ప్లస్‌లో 1,200 వస్తుంది. వంట ఇంట్లో జరిగే ఇంటికి ఒక కార్డు, పార్సిళ్ల మీద నడిచే ఇంటికి ఇంకో కార్డు. సొంత బ్యాంకు స్టేట్‌మెంట్‌లోంచి మూడు నెలల ఖర్చులు కాగితం మీద రాసుకోకుండా ఏ పోలికా పనికిరాదు, ఇంటర్నెట్‌లోని ‘టాప్ 10’ జాబితాలతో సహా.

మూడో కార్డు ఎందుకు నష్టం తెస్తుంది

ఒక్కో ఖర్చుకు ఒక్కో కార్డు పెట్టుకుంటే అన్నిటిలోనూ గరిష్ఠం వస్తుంది కదా అనిపిస్తుంది. పై కుటుంబానికే ఆ లెక్క వేద్దాం. లైవ్ ప్లస్ చేతిలో ఉంది. ఆన్‌లైన్ షాపింగ్ 5,000 కోసం ఎస్‌బీఐ కార్డు కూడా తీసుకున్నారు. అక్కడ 75 వచ్చేది 250 అవుతుంది, నెలకు 175 లాభం, ఏడాదికి 2,100. ఎస్‌బీఐ కార్డు ఫీజు 999, జీఎస్టీతో 1,179. ఏడాదికి రెండు లక్షలు ఖర్చు పెడితే ఆ ఫీజు మాఫీ అవుతుంది. ఇక్కడ దాని మీద పడేది 60,000 మాత్రమే, కాబట్టి మాఫీ లేదు. ఇంకా 921 మిగిలింది కదా అనుకోవచ్చు. కానీ లైవ్ ప్లస్‌కూ 999 ఫీజు, రెండు లక్షలు దాటితేనే మాఫీ. మొదట నెలకు 17,000 చొప్పున ఏడాదికి 2,04,000, అంటే బొటాబొటిగా గట్టెక్కింది. అందులోంచి 5,000 పక్కకు తీశాక అది 1,44,000కు పడిపోయింది. ఇప్పుడు ఆ ఫీజు కూడా కట్టాలి. చివరికి తేలేది 258 రూపాయల నష్టం. పైగా ఇంకో గడువు తేదీ, ఇంకో బిల్లు, ఇంకో పాస్‌వర్డ్. మూడో కార్డు మాట పక్కన పెట్టండి, కొన్ని ఇళ్లకు రెండోదే ఎక్కువ.

బిల్లుల కోసం ఏస్‌ను జోడించడం కాస్త నయం. ఏడాదికి 2,400 వస్తుంది, 499 ఫీజు జీఎస్టీతో 589 పోతుంది. లైవ్ ప్లస్ ఖర్చు తగ్గదు కాబట్టి అక్కడి మాఫీ చెడదు. మిగిలేది 1,811. జీవితకాలం ఉచితం అని ఇచ్చే కార్డులకు ఈ బాధ లేదు. ఫీజు ఉన్న ప్రతి కార్డు దగ్గరా మాఫీ గీతను ఒకసారి చూసుకోవాల్సిందే.

లోపలి నుంచి బయటికి వెళ్లిన ఖర్చులు

తెలుగు ఇళ్లలో పెద్ద ఖర్చులేవి? అద్దె, పిల్లల చదువు, బంగారం, ఇన్సూరెన్స్. కార్డులు తీసేసిన జాబితా కూడా దాదాపు ఇదే. ఇది కాకతాళీయం కాదు. వీటిలో కొన్నిటిలో బ్యాంకుకు వచ్చే ఇంటర్‌చేంజ్ తక్కువ. ఇంకొన్నిటిలో జనం చేతివాటం చూపించారు. స్నేహితుడి పేరు ఇంటి ఓనర్‌గా పెట్టి అద్దె యాప్ ద్వారా లక్ష పంపడం, ఆ డబ్బు మళ్లీ తన ఖాతాకే తెప్పించుకోవడం, మధ్యలో రివార్డు మిగుల్చుకోవడం కొన్నేళ్లు జోరుగా సాగింది. వాలెట్‌లో డబ్బు వేసి బ్యాంకుకు తిప్పుకోవడం అంతకుముందు తరం ఆట. 2022 అక్టోబరులో ఐసీఐసీఐ బ్యాంకు అద్దె చెల్లింపులపై ఒక శాతం ఫీజు పెట్టింది, మిగతా బ్యాంకులూ వెంట నడిచాయి. 2025 సెప్టెంబరులో పేమెంట్ అగ్రిగేటర్లపై, అంటే వ్యాపారుల తరఫున ఆన్‌లైన్ చెల్లింపులు తీసుకునే సంస్థలపై రిజర్వు బ్యాంకు కొత్త నిబంధనలు తెచ్చాక పెద్ద యాప్‌లు కార్డుతో అద్దె కట్టే సదుపాయాన్నే ఆపేశాయి.

ఎస్‌బీఐ క్యాష్‌బ్యాక్ కార్డు కథ ఇంకా స్పష్టం. విడుదలైన ఎనిమిది నెలలకే, 2023 మే 1 నుంచి నెలవారీ పరిమితి 10,000 నుంచి 5,000కు దిగింది. నగలు, స్కూలు ఫీజులు, కరెంటు లాంటి బిల్లులు, ఇన్సూరెన్స్, రైల్వే టికెట్లు లెక్కలోంచి పోయాయి. ప్రకటనలోని 5 శాతం అలాగే ఉంది. దాని కింద ఉన్న నేల కుంచించుకుపోయింది. ఫ్లిప్‌కార్ట్ యాక్సిస్ కార్డు 2025 జూన్‌లో ఇదే పని చేసింది. విమానాశ్రయ లాంజ్‌లోకి ఉచిత ప్రవేశం తీసేసింది, అప్పటిదాకా పరిమితి లేని ఫ్లిప్‌కార్ట్ క్యాష్‌బ్యాక్‌కు మూడు నెలలకు 4,000 గీత గీసింది. బ్యాంకులు శాతాన్ని తగ్గించడం కన్నా ఇలా పరిమితులు, మినహాయింపులతో సర్దుకోవడానికే ఇష్టపడతాయి. తగ్గిన శాతం పేపర్లో హెడ్‌లైన్ అవుతుంది, పెరిగిన మినహాయింపు ఫుట్‌నోట్ అవుతుంది.

కరెంటు, నీళ్ల బిల్లులు కార్డుపై ఎక్కువగా కట్టేవాళ్లకు ఇంకో గీత ఉంది. 2024 మే నుంచి యెస్ బ్యాంకు నెలకు 15,000, ఐడీఎఫ్‌సీ ఫస్ట్ బ్యాంకు 20,000 దాటిన యుటిలిటీ బిల్లులపై ఒక శాతం చార్జీ మొదలుపెట్టాయి. ఆ ఆగస్టులో హెచ్‌డీఎఫ్‌సీ 50,000 దాటితే అంది. మామూలు ఇంటికి ఇది తగలదు. కార్డు మీద దుకాణం కరెంటు బిల్లులు కట్టే చిన్న వ్యాపారులకు తగులుతుంది.

పెట్రోల్ దగ్గర చాలామంది పొరబడతారు. బంకుల్లో కార్డు వాడితే సుమారు ఒక శాతం సర్‌చార్జీ పడుతుంది. ‘ఫ్యూయల్ సర్‌చార్జ్ వేవర్’ అంటే ఆ ఒక శాతం వెనక్కి ఇవ్వడమే, అదీ ఒక పరిధిలోని బిల్లులకే. అది క్యాష్‌బ్యాక్ కాదు, పోయిన డబ్బు తిరిగి రావడం. మామూలు క్యాష్‌బ్యాక్ కార్డులో పెట్రోల్‌కు అంతకు మించి ఏమీ ఉండదు. దుకాణాల్లో వినిపించే ‘కార్డైతే రెండు శాతం ఎక్స్‌ట్రా’ మాటది కూడా ఇదే తీరు. దుకాణదారు తనకు పడే కోతను మన మీద వేస్తున్నాడు. ఒక శాతం వెనక్కి వస్తుందని రెండు శాతం ఎదురిచ్చి కార్డు గీకడంలో అర్థం లేదు, అక్కడ యూపీఐయే మేలు.

ఆ యూపీఐలోకీ క్రెడిట్ కార్డు వచ్చింది. రిజర్వు బ్యాంకు 2022 జూన్‌లో అనుమతిచ్చాక రూపే క్రెడిట్ కార్డును యూపీఐకి తగిలించి వీధి చివర కొట్టులోనూ స్కాన్ చేయవచ్చు. పై కుటుంబం కూరగాయలకు, పాలకు పెడుతున్న 6,000 ఇలా లెక్కలోకి వచ్చే అవకాశం ఉంది. కాకపోతే ఆ క్యూఆర్ వ్యాపారి పేరు మీద ఉండాలి. తోపుడు బండిపై అంటించిన క్యూఆర్ ఎవరిదో వ్యక్తిగత ఖాతాకు ముడిపడి ఉంటే క్రెడిట్ కార్డు పనిచేయదు. చిన్న వ్యాపారుల దగ్గర రెండు వేల లోపు చెల్లింపులకు ఎండీఆర్ లేదు కాబట్టి ఇక్కడ రివార్డూ సన్నమే. ఒకటి, ఒకటిన్నర శాతం ఇచ్చినా నెలకు 500 లాంటి పరిమితి, ఫలానా యాప్‌లోనే స్కాన్ చేయాలన్న షరతు వెంట ఉంటాయి.

ఇవన్నీ నెలనెలా బిల్లు పూర్తిగా కట్టేవాళ్ల లెక్కలు. 50,000 బాకీ మిగిల్చి మినిమమ్ డ్యూతో సరిపెట్టిన నెలలో, నెలకు 3.75 శాతం వడ్డీ ఉన్న కార్డుపై 1,875, దానిపై 18 శాతం జీఎస్టీతో కలిపి 2,212 అవుతుంది. పై లెక్కల్లో అందరికన్నా ఎక్కువ తెచ్చిన కార్డు రెండు నెలల్లో ఇచ్చింది ఒక్క నెల వడ్డీకి పోయింది. బాకీ తీరేదాకా కొత్త కొనుగోళ్లకు వడ్డీ లేని గడువు కూడా ఉండదు. ఈ వడ్డీని 30 శాతం దాటనివ్వకూడదని జాతీయ వినియోగదారుల కమిషన్ 2008లో ఇచ్చిన ఉత్తర్వును సుప్రీంకోర్టు 2024 డిసెంబరు 20న కొట్టేసింది. ఇప్పుడు ఆ పైకప్పు కూడా లేదు. బాకీ ఉన్నవాళ్లు కార్డును పోల్చాల్సింది క్యాష్‌బ్యాక్‌తో కాదు, దాన్ని తీర్చడానికి దొరికే పర్సనల్ లోన్ వడ్డీతో.

నిబంధనలు మారుతూనే ఉంటాయి కాబట్టి పైన చెప్పిన రేట్లను దరఖాస్తు పెట్టేరోజు బ్యాంకు సైట్‌లోని ఎంఐటీసీ (ముఖ్యమైన షరతుల) పత్రంతో సరిచూసుకోవడం తప్పనిసరి. కార్డు తీసుకున్నాక చార్జీలు మారితే వినియోగదారుడి చేతిలో కొంత బలం ఉంది. 2022 ఏప్రిల్‌లో రిజర్వు బ్యాంకు ఇచ్చిన మాస్టర్ డైరెక్షన్ ప్రకారం, వడ్డీ కాకుండా మిగతా చార్జీలు మార్చాలంటే కనీసం నెల ముందు చెప్పాలి. ఆ మార్పు నచ్చక కార్డు వదిలేస్తానంటే, బాకీలన్నీ తీర్చినవారి నుంచి దానికి ప్రత్యేక రుసుము వసూలు చేయకూడదు. బాకీ లేని కార్డును మూసేయమని అడిగాక ఏడు పనిదినాల్లో మూయకపోతే, మూసేదాకా రోజుకు 500 చొప్పున బ్యాంకే కస్టమర్‌కు కట్టాలి. అడిగే ముందు క్యాష్‌పాయింట్లు ఏమైనా మిగిలి ఉంటే స్టేట్‌మెంట్‌లోకి సర్దుకోవాలి, చందాలకు, ఇన్సూరెన్స్‌కు పెట్టిన ఆటో డెబిట్‌లు ఇంకో కార్డుకు మార్చుకోవాలి. మూసిన కార్డులోని పాయింట్ల కోసం తర్వాత ఎంత తిరిగినా సాధారణంగా దక్కవు.